ఇంగ్లీషు వచ్చినవాడి ఇబ్బంది

నాయనా,

డాలస్ నుంచి లీడ్స్‌కి మార్చారటగా. మీ నాన్న ఫోన్లో చెప్తూ, "వాడికేం ఇబ్బంది అక్కా, ఇంగ్లీషు దేశం నుంచి ఇంగ్లీషు దేశానికేగా" అన్నాడు. మా తమ్ముడు తెనాలిలో అరుగు మీద కూర్చుని ప్రపంచం మొత్తానికి తీర్పులు చెప్పేస్తాడు, వాటిలో కొన్ని నిజమూ అవుతుంటాయి. ఇది మాత్రం కాదు. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవాడికి ఈ దేశంలో దొరికే వెసులుబాటు నీకు దొరకదు.

ఎలాగంటావా? తెనాలి నుంచి నేరుగా దిగిన కుర్రాణ్ణి ఇక్కడ అందరూ కొత్తవాడనే అనుకుంటారు, వాడూ అలాగే అనుకుంటాడు. చెత్త డబ్బా ఏ రోజు బయట పెట్టాలో పక్కింటామెని అడుగుతాడు. ఆఫీసులో ఒక మాట అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమంటాడు. వాళ్ళూ ఓపిగ్గా చెప్తారు. నువ్వు అడగవు, అర్థమైందనుకుంటావు గనుక. వాళ్ళూ చెప్పరు, నీకు తెలుసనుకుంటారు గనుక. ఇద్దరూ మర్యాదగా నవ్వుకుని చెరో అర్థంతో ఇళ్ళకి పోతారు. ఇరవై ఏళ్ళు అమెరికాలో ఉండి, ఆ దేశపు పౌరసత్వం తీసుకుని, ఆ ఇంగ్లీషులో కలలు కనే స్థితికి వచ్చినవాడివి. అదంతా ఇక్కడ చెల్లుతుందన్న ధీమాతో రాకు. నువ్వు పరాయి దేశానికి వస్తున్నావు. ఒక ఏడాది పాటైనా ఆ సంగతి మర్చిపోకు. నేను చెప్పదల్చుకున్నది అంతే. మిగతాదంతా దాని వివరమే.

మాటల తేడాల మీద పుస్తకాలున్నాయి. అవి కొని డబ్బు తగలెయ్యకు. హైస్కూల్లో నువ్వు నేర్చుకున్నది ఈ ఇంగ్లీషే. లిఫ్టు, పెట్రోలు, బిస్కట్టు, టార్చిలైటు, మ్యాథ్సు, అక్షరాల చివర్న జెడ్డు. డాలస్ వెళ్ళాక వీటిని అటక మీద పడేసి ఎలివేటరూ గ్యాసూ కుకీ అని కొత్తవి తెచ్చుకున్నావు. పాతవి దించి దుమ్ము దులుపుకో, సరిపోతుంది. తేదీ కూడా మన లెక్కే, రోజు ముందు, నెల తర్వాత. 5/11 అని ఉంటే అది నవంబరు 5. మేడ మీదదే ఫస్ట్ ఫ్లోరు. కూరగాయల దగ్గర సిలాంట్రో అనకు, కోరియాండర్ అను. వంకాయ మాత్రం మన బ్రింజాలూ కాదు, మీ ఎగ్‌ప్లాంటూ కాదు, ఓబర్జీన్ అంటారు. రోడ్డు మీద దూరాలు మైళ్ళలో, బంకులో పెట్రోలు లీటర్లలో, మనుషుల బరువు స్టోన్లలో చెప్తారు. ఒక స్టోను అంటే 14 పౌండ్లు. ఇది ఎందుకిలా ఉందని ఎవర్నీ అడక్కు, వాళ్ళకీ తెలీదు. ఇంకోటి, ఆఫీసులో ఎవరి ప్యాంటూ బాగుందని మెచ్చుకోకు. ట్రౌజర్స్ అను. ఎందుకో కోడలు పిల్లని అడుగు, నేను చెప్పను.

పైగా నువ్వు వస్తున్నది లండన్ కాదు, యార్క్‌షైరు. సినిమాల్లో విన్న ఇంగ్లీషు ఇక్కడ కూరగాయల బజార్లో వినపడదు. బస్సు డ్రైవరు, మగవాడైనా ఆడమనిషైనా, నిన్ను 'లవ్' అని పిలిస్తే ఉలిక్కిపడకు, మన పక్క 'బాబూ' అన్నట్టే. 'ఏమీ లేదు' అనడానికి 'నౌట్' అంటారు, 'ఏదైనా' అనడానికి 'ఓట్' అంటారు. పెద్దవాళ్ళు కొందరు 'తొమ్మిది నుంచి ఐదు దాకా' అనాల్సిన చోట 'నైన్ వైల్ ఫైవ్' అంటారు. నీ అమెరికన్ చెవికి అది వ్యాకరణ దోషంలా వినిపిస్తుంది. వాళ్ళ తాతల నాటి మాట అది. ఇక పిల్లలున్నారు కాబట్టి ఇది ముఖ్యం: స్కూల్లో స్నేహితుడి తల్లి మీ వాణ్ణి సాయంత్రం ఐదింటికి 'టీ'కి పిలిస్తే, అది రాత్రి భోజనమే. ఇంట్లో అన్నం పెట్టి పంపకు.

మాటలు అలా నేర్చుకోవచ్చు. మాట వెనక ఉన్న బరువు తూచడమే కష్టం. అది నాకు నేర్పింది నా పేషెంట్లు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివినప్పుడు నొప్పి ఉన్నవాడు నొప్పి అని అరిచేవాడు, వెంట వచ్చిన పదిమందీ కూడా అరిచేవారు. ఇక్కడికొచ్చి జీపీగా, అంటే మన ఫ్యామిలీ డాక్టరుగా, కూర్చున్నాక బొగ్గు గనుల్లో పనిచేసి రిటైరైన పెద్దాయనలు వచ్చేవారు. "మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నాను డాక్టర్, నిన్నటి నుంచి ఛాతీలో కాస్త అదోలా ఉంది" అనేవారు. ఈసీజీ తీస్తే గుండెపోటు. తుంటి విరిగిన ముసలావిడ "మరీ అంత బాలేకపోవడమేం కాదు" అనేది. గట్టిగా చెప్పడం అంటే ఎదుటివాళ్ళ మీద పడటమని వీళ్ళ నమ్మకం. అందుకని విషయం ఎంత పెద్దదైతే మాట అంత చిన్నదవుతుంది. కొన్నాళ్ళకి నాకు తెలిసొచ్చింది, 'కాస్త' అన్న మాట వినపడగానే స్టెతస్కోపు తియ్యాలని.

ఆఫీసులోనూ ఇదే వరస. 'నాట్ బ్యాడ్' అంటే మెచ్చుకున్నారని. 'క్వైట్ గుడ్' అంటే అమెరికాలో చాలా బాగుందని. ఇక్కడ గొంతుని బట్టి అది 'ఏదో ఫర్వాలేదు' దాకా దిగిపోతుంది. నీ పని చూసి 'ఇంటరెస్టింగ్' అని ఊరుకుంటే సంబరపడకు, ఇంకోసారి చూసుకో. మీ మేనేజరు "వీలుంటే ఎప్పుడైనా ఒకసారి ఇది చూస్తే బాగుంటుందేమో" అందంటే ఆ పని సాయంత్రానికల్లా అవ్వాలి. 'మా ఇంటికి ఎప్పుడైనా రావాలి' అంటే తేదీ చెప్పేదాకా అది పిలుపు కాదు. పొద్దున్నే 'యూ ఆల్ రైట్?' అని అడిగితే నీ మొహం పీక్కుపోయి ఉందని కాదు, అది పలకరింపు. 'ఆల్ రైట్' అని తిరిగి అని నడిచిపో. అదే నువ్వు మీ డాలస్ అలవాటు కొద్దీ ప్రతిదానికీ 'ఆసమ్' అనీ, 'సూపర్ ఎక్సైటెడ్' అనీ మొదలుపెట్టావనుకో, మొదటి నెల ముచ్చటపడతారు, రెండో నెల నీ మాటకి సగం రేటు కట్టి వింటారు.

ఇది నీకు కొత్తేమీ కాదురా. మీ తాతయ్య పెళ్ళిచూపులకి వెళ్ళి "మంచిదండీ, కబురు చేస్తాం" అని లేచాడంటే ఆ సంబంధం అక్కడితో సరి అని వీధి గుమ్మం దాటకముందే మాకందరికీ తెలిసేది. 'చూద్దాంలే' అన్న మాటలో ఎన్ని కాదులున్నాయో తెలిసిన ఇంట్లో పుట్టావు. ఉన్నదున్నట్టు మొహమ్మీద చెప్పడం అమెరికాలో నేర్చుకున్నావు. ఉద్యోగానికి అవసరం, నేర్చుకున్నావు, తప్పులేదు. ఇక్కడ మాత్రం నీకు అక్కరకొచ్చేది మీ తాతయ్య చెవి.

అలాగని తెనాలి అంతా పనికొస్తుందని కాదు. చెప్పకుండా ఒకరింటికి వెళ్ళకూడదు. జీతమెంతని, ఇల్లెంతకి కొన్నారని అడక్కూడదు. క్యూ కనిపించకపోయినా క్యూ ఉంటుంది. పబ్బులో కౌంటరు ముందు జనం చెల్లాచెదరుగా నిలబడ్డట్టుంటారు గానీ ఎవరి తర్వాత ఎవరో అందరికీ తెలుసు, నీ వంతు ముందే వస్తే "ఆయన నాకంటే ముందున్నారు" అని నువ్వే చెప్పాలి. పబ్బులో బల్ల దగ్గరికొచ్చి ఆర్డరు తీసుకుంటారని కూర్చుంటే దాహంతో పోతావు. నలుగురు కలిసి వెళితే ఒక్కొక్కరు ఒక్కో విడత అందరికీ కొంటారు, దాన్నే రౌండు అంటారు. నువ్వు తాగకపో, నిమ్మకాయ సోడా పట్టుకుని కూర్చో, ఎవరూ ఏమీ అనుకోరు. నీ రౌండు మాత్రం ఎగ్గొట్టకు. అది పదేళ్ళు గుర్తుపెట్టుకుంటారు. అక్కడ టిప్పులు అక్కర్లేదు. హోటల్లో కూర్చుని తింటే బిల్లులో సర్వీస్ చార్జీ ఉందేమో చూడు, లేకపోతే పది శాతం చాలు, మీ ఊళ్ళో లాగా ఇరవై పెట్టి మమ్మల్నందర్నీ చిక్కుల్లో పడెయ్యకు.

కారు సంగతికి వద్దాం. నిన్ను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించేది ఇదే. నీ టెక్సస్ లైసెన్సు మీద ఇక్కడ నివాసం మొదలైన రోజు నుంచి 12 నెలలు నడపొచ్చు. ఆ తర్వాత అది చిత్తుకాగితం. కొన్ని దేశాల లైసెన్సులు ఇచ్చి ఇక్కడిది తీసుకోవచ్చు గానీ ఆ జాబితాలో అమెరికా లేదు. అందుకని పదిహేడేళ్ళ పిల్లల పక్కన కూర్చుని నువ్వూ పరీక్ష రాయాలి. 50 ప్రశ్నలు, 43 రావాలి. దాంతోపాటు వీడియోలు చూపించి ప్రమాదం ఎక్కడ పుడుతోందో పట్టుకోమంటారు, అందులో 75కి 44 రావాలి. తర్వాత రోడ్డు పరీక్ష. చిన్న తప్పులు 15 దాకా క్షమిస్తారు, పెద్దది ఒక్కటి చేసినా ఇంటికే. ఆటోమేటిక్ కారులో ప్యాసైతే గేర్ల కారు నడపడానికి వీల్లేదు. రోడ్డు పరీక్షకి తేదీ దొరకడానికే నెలలు పడుతోంది. కాబట్టి పదకొండో నెలలో మేలుకోకు, వచ్చిన నెలలోనే ప్రొవిజనల్ లైసెన్సుకి పెట్టు.

నాలుగు రోజులు క్లాసులు తీసుకోవడం నామోషీ అనుకోకు. ఇరవై ఏళ్ళ అలవాట్లన్నీ పరీక్షకుడి కళ్ళకి తప్పులుగానే కనిపిస్తాయి. ఎర్ర దీపం ఉన్నప్పుడు అమెరికాలో కుడికి తిరగనిస్తారు, మన ఊళ్ళలో ఫ్రీ లెఫ్టు అంటారు. ఇక్కడ అవేవీ లేవు, ఎరుపంటే ఆగడమే. రౌండబౌట్‌లోకి వెళ్ళేముందు కుడిచేతి వైపు నుంచి వచ్చేవాళ్ళకి దారివ్వాలి. రోడ్డు దాటేటప్పుడు ముందు కుడివైపు చూడమని పిల్లలకి మొదటి రోజే చెప్పు, కారు నడపడంకన్నా అది అర్జెంటు. సరదాగా ఉంటుందని వేల్స్ వైపు వెళ్తే, అక్కడ 2023 నుంచి ఇళ్ళున్న వీధుల్లో మామూలు వేగం గంటకి 20 మైళ్ళే. ఇరుకు రోడ్డు మీద ఎదుటి కారువాడు ఆగి నీకు దారిస్తే చెయ్యెత్తి కృతజ్ఞత చెప్పు. అది చట్టంలో లేదు గానీ చట్టం కన్నా గట్టిగా పాటిస్తారు.

ఇక ఒంట్లో బాగోకపోతే. ఈ విషయంలో నా మాట కాస్త ఎక్కువసేపు వినాలి, అన్నం పెట్టిన ఉద్యోగం కదా. 1948 జులై 5న మొదలైన ఎన్.హెచ్.ఎస్., అంటే ఇక్కడి సర్కారు వైద్య సంస్థ, ఇప్పుడు బాగా అలిసిపోయింది. నువ్వు వీసాతో పాటే ఏడాదికి పెద్దవాళ్ళకి 1,035 పౌండ్లు, పిల్లలకి 776 పౌండ్లు చొప్పున హెల్త్ సర్‌చార్జి కడతావు. అది కంపెనీ ఇస్తుందేమో ఇప్పుడే అడుగు. ఆ తర్వాత డాక్టరు దగ్గర బిల్లు అంటూ ఉండదు. ఇల్లు దొరికిన వారంలోనే దగ్గర్లో ఉన్న జీపీ దగ్గర నలుగురి పేర్లూ రాయించు, జ్వరం వచ్చేదాకా ఆగకు. నేరుగా స్పెషలిస్టు దగ్గరికి పోవడం కుదరదు, జీపీ పంపాలి. పంపాక వైద్యం 18 వారాల్లో మొదలవ్వాలన్నది లక్ష్యం, ఏళ్ళ తరబడి అది అందడం లేదు. దాన్ని నేను సమర్థించను. కానీ ప్రాణం మీదికి వచ్చినప్పుడు 999 కొడితే ఇన్సూరెన్సు కార్డు అడిగేవాళ్ళు ఉండరు. ఆ తేడా నీకు ఒంటికి పట్టడానికి టైము పడుతుంది. అంత అర్జెంటు కాకపోతే 111కి ఫోన్ చెయ్యి.

ఏటేటా ఒళ్ళంతా పరీక్షలు చేయించే అమెరికా అలవాటు ఇక్కడ లేదు. ఇంగ్లండులో నలభై దాటినవాళ్ళకి ఐదేళ్ళకోసారి పిలుపొస్తుంది, మన వంశంలో షుగరు ఉంది కాబట్టి అది వస్తే పారెయ్యకు. మందుల చీటీకి ఒక్కో మందుకి 9.90 పౌండ్లు, మందు ఖరీదు ఎంతైనా సరే అంతే. పదహారేళ్ళలోపు పిల్లలకి అదీ ఉండదు. మీ టైలెనాల్ ఇక్కడ పారాసెటమాల్, అంటే మన క్రోసినే. ఐదు వందల బిళ్ళల డబ్బా కోసం వెతక్కు, మామూలు కొట్లలో 16 బిళ్ళల పెట్టెలే అమ్ముతారు. ఎక్కువ మోతాదు మింగి ప్రాణాలు తీసుకునేవాళ్ళని తగ్గించడానికి 1998లో పెట్టిన నిబంధన అది. డాలస్‌లో విడిగా దొరికే మెలటోనిన్ ఇక్కడ డాక్టరు రాస్తేనే ఇస్తారు. బెనడ్రిల్ అన్న పేరు మాత్రం చూసి కొనకు, రెండు దేశాల్లోనూ పేరొకటే, లోపలి మందు వేరు.

పన్నుల గురించి నేను చెప్పగలిగింది కొంచెమే, కానీ ఆ కొంచెం చెప్పకపోతే నష్టపోతావు. ఇక్కడి పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలవుతుంది. జీతంలోనే కోసేస్తారు గనుక మామూలు ఉద్యోగి రిటర్ను వెయ్యక్కర్లేదు. నువ్వు మామూలు ఉద్యోగివి కాదు. అమెరికన్ పౌరుడు చంద్రమండలంలో ఉన్నా అమెరికాకి ఏటా రిటర్ను వెయ్యాలి. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా పదివేల డాలర్లు దాటితే వాటి వివరం కూడా విడిగా పంపాలి. ఆఫీసులో అందరూ ఐసా అనే పొదుపు ఖాతా తీసుకో, పన్ను లేదు అంటారు. వాళ్ళకి లేదు. అమెరికా దాన్ని గుర్తించదు, పైగా దాంట్లో ఇక్కడి మ్యూచువల్ ఫండ్లు ఉంటే లెక్కలు రాసేవాడి ఫీజే లాభాన్ని మింగేస్తుంది. రెండు దేశాల లెక్కలూ తెలిసిన అకౌంటెంటుని చూసుకో, డబ్బు దాని తర్వాత కదిలించు. డాలస్‌లో నీ క్రెడిట్ స్కోరు ఎంత గొప్పదైనా విమానం ఎక్కదు, ఇక్కడ సున్నా నుంచి మొదలు.

ఇంకో చిత్రం చెప్తాను. తెనాలి నుంచి మొన్న చదువుకి వచ్చిన కుర్రాడు కామన్వెల్త్ దేశపు పౌరుడు కాబట్టి ఇక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేస్తాడు. నువ్వు వెయ్యలేవు. మీ దేశం 1776లోనే తెగతెంపులు చేసుకుంది కదా, ఆ పౌరసత్వం తీసుకున్నప్పుడు ఆ తగువు కూడా నీకు వాటాకి వచ్చింది.

ఇల్లు చిన్నది. డాలస్ ఇంటిని మనసులోంచి తీసేసి చూడు. బట్టలుతికే మిషను వంటింట్లో ఉంటుంది, బట్టలు తీగ మీద ఆరతాయి, పాత ఇళ్ళలో వేడి నీళ్ళ కుళాయి ఒకటి, చన్నీళ్ళది ఒకటి. బాత్రూములో ప్లగ్గులుండవు, దీపానికి తాడు లాగాలి. ఏసీ ఉండదు, అక్కర్లేదనీ అంటారు. 2022 జులైలో లింకన్‌షైర్లో 40.3 డిగ్రీలు తాకిన రోజున మాత్రం ఎవరూ అనలేదు. డిపాజిట్ ఐదు వారాల అద్దెకి మించి అడిగితే చట్టవిరుద్ధం, అడిగినవాడి మొహం చూసి మర్యాదగా చెప్పు. కౌన్సిల్ ట్యాక్సు ఇంటి ఓనరు కాదు, అద్దెకున్న నువ్వే కట్టాలి. ముందు నువ్వొక్కడివే వచ్చి ఉంటే ఆ కొన్ని నెలలూ 25 శాతం తగ్గిస్తారు, కానీ అడగాలి.

చలికాలం గురించి నీకు చెప్పినా అర్థం కాదు, ఎందుకంటే చలి కాదు సమస్య, వెలుతురు. లీడ్స్ దాదాపు 54 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, డాలస్ 33 లోపే. డిసెంబరులో మధ్యాహ్నం మూడుముప్పావుకే పొద్దుగుంకుతుంది. పిల్లలు స్కూలు నుంచి వచ్చేసరికి చీకటి. నవంబరు నెలాఖరుకి మనిషికి ఊరికే ఏడుపొస్తుంది, దానికి ఉద్యోగాన్నీ పెళ్ళాన్నీ తప్పుపట్టకు. మధ్యాహ్నం భోజనం టైములో కోటు వేసుకుని అరగంట బయట నడువు. మన రంగు ఒంటికి విటమిన్ డి రోజూ 10 మైక్రోగ్రాములు తీసుకోవడం మంచిది, మీ ఇంట్లో అందరూ. సెలవులు మిగుల్చుకోకు. ఇక్కడ చట్ట ప్రకారమే ఏడాదికి 28 రోజులు ఇవ్వాలి, రాత్రి పదింటికి ఈమెయిల్ పంపినందుకు ఎవరూ మెచ్చుకోరు. జులై 4 మామూలు రోజు. దానికి బదులు నవంబరు 5 ఉంది, 1605లో పార్లమెంటుని పేల్చబోయిన వాళ్ళు దొరికిపోయినందుకు ఇప్పటికీ మంటలు వేసి బాణసంచా కాలుస్తారు. దీపావళి ఆ రోజులకి దగ్గర్లోనే వస్తుంది కాబట్టి టపాకాయలు సూపర్ మార్కెట్లోనే దొరుకుతాయి. పిల్లలకి ఇంగ్లండు నచ్చడం ఆ వారంలోనే మొదలవుతుంది, చూస్తూ ఉండు.

పిల్లల గురించి నాకు బెంగ లేదు. ఏడాది తిరిగేసరికి లీడ్స్ యాసలో నిన్ను వెక్కిరిస్తారు. నీ గురించే చెప్పాలి: నువ్వు యాస మార్చకు. సెయింట్ లూయిస్‌లో పుట్టిన టి.ఎస్. ఎలియట్ 1914లో ఇక్కడికొచ్చి, లాయిడ్స్ బ్యాంకులో గుమాస్తాగా చేసి, 1927లో బ్రిటిష్ పౌరుడై, ఇంగ్లీషువాళ్ళ కన్నా ఇంగ్లీషువాడిలా బతికాడు. అయోవా నుంచి 1973లో వచ్చిన బిల్ బ్రైసన్ ఎక్కడా తన అమెరికాని దాచుకోలేదు, ఈ దేశాన్ని చూసి నవ్వాడు, ప్రేమించాడు, వీళ్ళు ఆయన్ని డరమ్ విశ్వవిద్యాలయానికి చాన్సలర్ని చేశారు. ఎలియట్ మహాకవి, ఆయన దారి ఆయనది. నువ్వు ఐటీ మేనేజరువి, నీకు బ్రైసన్ చాలు. "మా డాలస్‌లో అయితే" అన్న మాట మాత్రం రోజుకి ఒకసారికి మించి అనకు. నిజమే అయినా సరే. అది వినడానికి తిట్టులా ఉంటుంది.

సామాన్ల దగ్గరికొస్తే, అమెరికా కరెంటు సామాను ఒక్కటీ తేవద్దు. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. మిక్సీ పెట్టిన నిమిషంలో కాలిపోతుంది. ఇండియా కరెంటు ఇక్కడి దానితో సరిపోతుంది కాబట్టి, మీ అమ్మ దగ్గర వాడకుండా ఉన్న కొత్త మిక్సీని వచ్చే నెల మా ఆడపడుచు వస్తుంటే పంపమన్నాను. ప్లగ్గు మార్పిస్తే చాలు. గోంగూర ఎక్కడ దొరుకుతుందో కోడలితో ఫోన్లో చెప్తాను, నీకు చెప్తే మర్చిపోతావు.

టికెట్టు కొనేముందు ఒకటి చూసుకో. క్రిస్మస్ రోజు ఈ దేశంలో రైళ్ళు అసలు నడవవు, ఆ రోజు దిగేలా కొనకు. ఆదివారమూ వద్దు, పెద్ద కొట్లు ఆ రోజు ఆరు గంటలే తెరుస్తారు, చట్టమే అలా ఉంది. నువ్వు సాయంత్రం చేరేసరికి అన్నీ మూసేసి ఉంటాయి. తప్పదంటే ముందే చెప్పు, పాలూ పెరుగూ బియ్యమూ నేను కొని పెట్టి ఇంటి ఏజెంటు దగ్గర తాళం తీసుకుంటాను.

మీ అత్తయ్య